నాలుగో నంబరు డిస్కులు రెండు

నా పేరు వెండెల్ కోస్కీ, తండ్రి పేరు ఆర్వో, వయసు నలభై మూడేళ్లు. మిన్నెసోటాలోని కెటిల్ హార్బర్ రేవులో ఒక చిన్న రేడియో స్టేషనులో యంత్రాలు చూసుకుంటాను. 1995 ఫిబ్రవరి 16న, డిటెక్టివ్ గారూ, మీ ఎదుట, నా అంతట నేనుగా వచ్చి చెబుతున్నాను.

మా స్టేషను రికార్డింగులన్నీ ఒకే కంప్యూటరుకు తగిలించిన హార్డ్ డిస్కుల్లో ఉంటాయి. అది ఒక్కో డిస్కును ఒక్కో నంబరుతో గుర్తుపడుతుంది. సున్నా నుంచి ఏడు దాకానే నంబర్లు. అందులో ఏడో నంబరు కంప్యూటరు సొంతానికి. ఎనిమిదో డిస్కు వచ్చేసరికి నంబరు మిగల్లేదు. డిస్కులు తగిలించే కార్డు ఇంకొకటి కొనమంటే మేనేజరు, "ఉన్నదాంట్లో సర్దవయ్యా వెండెల్" అన్నాడు. సర్దాను. కొత్తదానికీ నాలుగో నంబరే పెట్టాను. ఒకటి ఆపాకే రెండోది వేయాలి. రెండూ కలిసి నడిస్తే ఒకదానికి రాసింది రెండింటి మీదా పడి అంతా పాడవుతుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలిసే ఇమిడ్చాను.

ఆపిన డిస్కు స్విచ్చుకు ఉన్ని చేతితొడుగు తగిలిస్తాం. తొడుగు ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరు. అది మా కట్టుబాటు.

జనవరిలో ధాన్యం గిడ్డంగి కూలీ ఒకతను మా స్టేషనులో మార్లిస్ టర్వెల్ నడిపే కార్యక్రమానికి ఫోను చేశాడు. "వెనక తలుపుకి గొలుసేసి తాళం పెట్టారమ్మా. నిప్పంటుకుంటే మేమెటు పోవాలి?" అన్నాడు. మార్లిస్ ఆ ఫోను రికార్డింగును పాత నాలుగో డిస్కులో దాచింది. ప్రసారం కాకముందే గిడ్డంగి తగలబడింది. అతను బయటికి రాలేదు. గిడ్డంగి యజమాని మార్లిస్ చెల్లెలి మొగుడు.

ఫిబ్రవరి 7, మంగళవారం ఉదయం స్టేషనులో నేనొక్కడినే ఉన్నాను. హీటరు పనిచేయలేదు. వేళ్లు కొంకర్లు పోతుంటే కొత్త డిస్కు మీది తొడుగు తీసి వేసుకున్నాను. ఒక్క నిమిషమే అనుకున్నాను. తర్వాత తొడుగు లేని స్విచ్చులన్నీ వరసగా వేసుకుంటూ పోయాను. తొడుగు నా చేతికే ఉంది. ఉదయం వార్తలు రికార్డు చేశాను. డిస్కుల చప్పుడు మారాక గానీ చూసుకోలేదు. కొత్తదాన్ని ఆపి, తొడుగు మళ్లీ తగిలించాను.

పదో తేదీన మీవాళ్లు ఆ ఫోను వినడానికి వచ్చారు. పాత నాలుగో డిస్కు తెరుచుకోలేదు.

"మరిది కోసం చెరిపేశావా?" అన్నాడు మేనేజరు మార్లిస్‌తో.

"చెరిపేదాన్నయితే దాచడమెందుకండీ? వెండెల్, నువ్వు చెప్పు, డిస్కుల సంగతి నీకు తెలుసుగా!" అంది మార్లిస్.

"నాకేం తెలుసు మార్లిస్" అన్నాను. అవును, ఆ మాటే అన్నాను.

ఆమెను మీవాళ్లు తీసుకెళ్లారు. పోతూ పోతూ నా వేళ్లు చూసి, "పగిలిపోయాయి, ఏదన్నా మందు రాసుకో" అంది. ఆ రోజు నుంచి పంటినొప్పని ఇంట్లో చెప్పి తిండి మానేశాను. నొప్పేమీ లేదు. ముద్ద దిగడం లేదు, అంతే.

నిన్న మీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మీరు పట్టుకెళ్లిన డిస్కులన్నిటినీ రేపు ఒకేసారి వేసి చూస్తారట. ఆ రెండూ మళ్లీ కలిసి నడిస్తే పాతదాంట్లో మిగిలింది కూడా పోతుంది. ఎవరూ చెరపలేదని, రాత మీద రాత పడిందని ఇప్పటికైతే నిపుణులు చెప్పగలరు. అతని గొంతు ముక్కలుగానైనా దొరకొచ్చు. దయచేసి ముందు కొత్తదాని తీగ పీకేయించండి.

నిన్న మీ ఫోను రాకపోతే నేను ఇవాళ కూడా వచ్చేవాణ్ని కాదు. ఈ మాట రాయక్కర్లేదన్నారు మీరు. నేనే రాయమన్నాను.

చదివించుకుని విన్నాను. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. మార్లిస్‌కు కూడా చదివి వినిపించండి, నేను ఎదురుగా లేనప్పుడు.

(సంతకం) వెండెల్ కోస్కీ