దొర ఎదురుగా సున్నా

శుక్రవారం మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద ప్రయాణం ఖర్చుల కాగితం, బల్ల కింద ముసలి కుక్క. కాగితం ముందు అన్న, వదిన, చెల్లెలు.

"దొర పేరుకి ఎదురుగా సున్నా ఎందుకుంది అన్నయ్యా?"

"ఎప్పుడూ ఉండేదే కదా చిట్టీ. పోయినేడాది కాగితం చూసే రాశాను. కుక్కకి ఖర్చేముంది? నువ్వున్నావుగా."

"నేనుండను. మొన్నే చెప్పాను."

"అది నిజంగానే అన్నావా? నేనేదో మాటవరసకి అనుకున్నాను. ఇదిగో, నీకేమైనా చెప్పిందా?"

"నాకూ అదే చెప్పింది. ఆదివారం పొద్దున్నే వెళ్లాలట. ఎక్కడికమ్మా అంటే పనుందంటుంది. ఏం పని అంటే కుక్కకి నీళ్లు పెట్టాలని లేచి వెళ్లిపోతుంది."

"ఎక్కడికి చిట్టీ?"

"చెప్తాను. ముందు దొర సంగతి తేలనీ."

"మేమూ ఆదివారమే కదా బయల్దేరేది. టిక్కెట్లు కొని రెండు నెలలైంది. నువ్వు పై ఆదివారం వెళ్లకూడదూ?"

"తొమ్మిదింటికల్లా అక్కడ ఉండాలి. ఈ ఆదివారం దాటితే ఇంక లేదు."

"ఏదైనా ఉద్యోగమా?"

"అలాంటిదే."

"అలాంటిదే అంటే?"

"కుక్కల హాస్టల్ వాళ్లని రేటు అడుగుతానన్నావు. అడిగావా?"

"అడిగాను. అడిగి నీరుగారిపోయాను. రోజుకి ఏడు వందలట. చెవిలో చుక్కలు వేయాలంటే ఇంకో వంద. పక్కన మనిషి కూర్చుంటే గానీ తినదండీ అన్నాను. దానికి నూట యాభై అన్నాడు. ఉత్తినే కూర్చున్నందుకు."

"రెండు పూటలా కూర్చోవాలి. పూటకి అరగంట."

"నువ్వు ఊరికే కూర్చుంటావుగా."

"అవును. ఊరికే."

"ఎనిమిది రోజులకి ఏడు వేల ఆరు వందలు. ఎక్కణ్ణించి తేను?"

"సముద్రం వైపు గది జోలికి మాత్రం రాకండి. ముందే చెప్తున్నాను."

"నేనేమీ అనలేదే."

"మీరనలేదు, మీ పెన్ను అటే వెళ్తోంది. పెళ్లయి పదకొండేళ్లు. ప్రతిసారీ సముద్రం వైపు గది అంటారు. తీరా కిటికీ తెరిస్తే కార్లు ఆపే చోటు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా గది కుక్కకి రాసిచ్చేస్తారా?"

"మానేస్తే రాత్రికి వెయ్యి మిగుల్తుంది. ఏడు రాత్రులకి ఏడు వేలు. అయినా ఇంకా ఆరు వందలు తక్కువే."

"చూశావా చిట్టీ, లెక్క కట్టేశారు."

"నన్నేం చెయ్యమంటారు? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

"ఇందులో కప్ప ఎవరు అన్నయ్యా?"

"ఏదో అన్నానులే. పై వాటా టీచరమ్మని అడిగి చూస్తే?"

"అడిగాను. దొర ఆవిడ మడమ పట్టుకున్న సంగతి ఆవిడింకా మర్చిపోలేదు అన్నయ్యా."

"మూడేళ్లయింది."

"మచ్చ ఉంది, చూపించింది కూడా."

"పోనీ మనతో పాటు తీసుకెళ్తేనో?"

"హోటల్ వాళ్లు కుక్కలు వద్దని పెద్దక్షరాలతో రాశారు, మీరే కదండీ చదివి వినిపించింది."

"రైల్లో బోనులో పెట్టాలి వదినా. ఉరిమితేనే వాడు బాత్‌రూములో దూరి వణుకుతాడు. వాడికి పన్నెండేళ్లు. ఆ బోనులో వద్దు."

"చూశావా. నీకే మనసొప్పడం లేదు. అందుకే అంటున్నాను చిట్టీ, ఈ ఒక్కసారికీ..."

"ఆ మాట అనకు అన్నయ్యా."

"ఏ మాట?"

"ఈ ఒక్కసారికీ. పోయినేడాది బట్టల కొట్టువాళ్లు రమ్మన్నప్పుడు ఇదే మాటన్నావు. మీరు తిరిగొచ్చేసరికి ఆ కుట్టుమిషను ముందు వేరే అమ్మాయి కూర్చుంది. అంతకు ముందేడాది ఆసుపత్రిలో ఆయా పని. అప్పుడూ ఈ ఒక్కసారే."

"అప్పుడు నువ్వే ఉంటానన్నావు. నేను బలవంతం చేశానా?"

"చెయ్యలేదు. నేను ఉంటాననే దాకా మీరిద్దరూ అన్నాలు తినకుండా నా మొహం వంకే చూశారు."

"అందుకని మా మీద కక్ష కట్టావా?"

"కక్ష కాదు వదినా, భయం. ఈసారి కూడా ఉండిపోతానేమోనని. పొద్దున్నుంచీ రెండుసార్లు సరేలే ఉంటాను అనబోయాను."

"అనెయ్యరాదూ మరి. అందరి తలనొప్పీ వదిలిపోతుంది."

"ఏమండీ, మీరు కాసేపు ఊరుకోండి."

"నేనెందుకు ఊరుకోవాలి? ఆరేళ్లయింది. ఫ్యాక్టరీ మూసేశారు, రెండు నెలలు ఉంటానని పెట్టె పట్టుకుని వచ్చింది. ఏనాడైనా అద్దె అడిగామా? తిండికింత ఇవ్వమన్నామా? చెప్పు చిట్టీ, అడిగామా?"

"అడగలేదు."

"మరి?"

"అడిగుంటే బాగుండేది అన్నయ్యా. ఎక్కడో ఒకచోట చేసి నీది నీకిచ్చేసి వెళ్లిపోయేదాన్ని. అడగలేదు గనక ఎంత చేసినా తీరదు. ఎప్పటికి తీరుతుందో నువ్వూ చెప్పవు."

"తోడబుట్టినవాళ్ల మధ్య లెక్కలేమిటే?"

"నీ చేతిలో ఉన్న కాగితమేమిటి మరి?"

"ఇది ప్రయాణం ఖర్చు. దీనికీ దానికీ ముడిపెట్టకు."

"ముడి నేను పెట్టలేదు. నేనొచ్చిన నెలలోనే కదా దొరని తెచ్చావు. ఎవరో వదిలేసిన కుక్క, చెల్లెలు ఇంట్లోనే ఉంటుందిగా, చూసుకుంటుందన్నావు. నేనున్నానని వాణ్ణి తెచ్చావు, వాడున్నాడని నేను కదల్లేదు. ఇద్దర్నీ ఒకే గుంజకి కట్టావు. కావాలని చెయ్యలేదు, నాకు తెలుసు. అందుకే తిట్టడానికి కూడా లేదు."

"నువ్వొక్కదానివే కట్టేసి ఉన్నావా చిట్టీ? నా సంగతేమిటి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా బ్యాంకు కౌంటర్లో అద్దం వెనకాల కూర్చుంటాను. ఇంటికొస్తే వంటింటి గోడ. ఏడాదికి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులు నువ్వు తీసేసుకుంటే నేనెవరికి చెప్పుకోను?"

"తీసుకోను వదినా. నువ్వు వెళ్లాలి. సముద్రం వైపు గదిలోనే ఉండాలి."

"ఎలా ఉంటాను? ఆకాశం నుంచి ఊడిపడుతుందా డబ్బు?"

"ఇంకో చోటుంది. రోజుకి ఐదు వందలు. చుక్కలు వేసినా, పక్కన కూర్చున్నా పైన ఏమీ తీసుకోరు. పాత గోడౌన్ల వెనకాల, ఈ మధ్యే పెట్టారు."

"ఇంతసేపూ నోరు మూసుకుని కూర్చున్నావేం?"

"ధైర్యం చాల్లేదు. ఇదిగో నంబరు. నువ్వే చెయ్యి అన్నయ్యా."

"ఎనిమిది ఐదులు నలభై... నాలుగు వేలు. నా కొత్త బూట్లు మానుకుని, బయట తినడం రెండు పూటలు తగ్గిస్తే... సరిపోయేట్టే ఉందే."

"స్పీకర్ పెట్టండి, నేనూ వింటాను."

"హలో... అమ్మా, కుక్కల్ని పెట్టుకునేది మీరేనా? ఆదివారం నుంచి ఎనిమిది రోజులు. ముసలి కుక్క. చెవిలో చుక్కలు వేయాలి. పక్కన ఎవరో ఒకరు కూర్చుంటే గానీ అన్నం ముట్టదు. అదీ దాని రాజసం."

"తీసుకురండి బాబూ. ఆదివారమే మాకొకావిడ పనిలో చేరుతోంది. చుక్కలవీ ఆవిడ చూసుకుంటుంది."

"నమ్మకమైన మనిషేనా? కొత్త అంటున్నారు."

"పనికి కొత్త కాదు. బుధవారం వచ్చినప్పుడు పరీక్షకని మా దగ్గరున్న కరిచే కుక్క ఒకదాని చెవి తుడవమన్నాను. ముందు అరగంట దాని పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత అదే తల వంచింది. ఎవరింట్లోనో ఆరేళ్లు ఒకే కుక్కని చూసుకుందట."

"ఎవరింట్లో?"

"అది చెప్పలేదు. అక్కడ జీతమెంత ఇచ్చేవాళ్లమ్మా అని అడిగితే నవ్వి ఊరుకుంది. మా దగ్గర తొమ్మిది వేలు అంటే, నెలకా అని రెండుసార్లు అడిగింది పాపం. వెనక గది కూడా ఆవిడకే ఇచ్చాం, రాత్రీ పగలూ ఇక్కడే ఉంటుంది. ఆదివారం తొమ్మిదింటికి వస్తుంది, మీరూ అప్పుడే తీసుకొచ్చెయ్యండి. కుక్క పేరేమని రాసుకోను?"

"పేరు... మళ్లీ చేస్తానమ్మా."

"పెట్టేశారేమండీ?"

"బుధవారం దొరకి మందు తెస్తానని వెళ్లావు చిట్టీ."

"మందు కూడా తెచ్చాను."

"అంటే నా కుక్కని నా చెల్లెలి దగ్గర వదలడానికి నేను డబ్బు కట్టాలా?"

"నాకివ్వక్కర్లేదు. కౌంటర్లో కట్టాలి. సగం ముందే."

"ఇక్కడ ఊరికే చేసినదానివి, అక్కడ జీతానికి చేస్తావా? అవే చుక్కలు, అదే కుక్క."

"అదే అరగంట కూడా."

"నలుగురూ వింటే ఏమంటారే? చెల్లెలికి ఇంత ముద్ద పెట్టలేక కుక్కల కొట్టంలో పనికి పంపాడంటారు."

"నువ్వు పంపలేదని నేను చెప్తాలే."

"ఇదిగో, నువ్వైనా చెప్పు దానికి."

"సున్నా కొట్టేసి నాలుగు వేలు రాయండి."

"నువ్వు కూడానా?"

"రాయండంటున్నాను. ఆరేళ్లలో ఆ సున్నా ఒక్కసారైనా నా కంటికి ఆనలేదు. బ్యాంకులో రోజుకి వెయ్యి సున్నాలు చూసేదాన్నే నేను. రాయండి."

"రాస్తున్నాను. సరే, రాశాను. నీ సరదా ఎందుకు కాదనాలి చిట్టీ, ఎనిమిది రోజులేగా. తొమ్మిదో రోజు పొద్దున స్టేషన్ నుంచి నేరుగా అక్కడికే వస్తాం. ఇద్దర్నీ బండి ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చేస్తాను."

"దొర ఒక్కణ్ణే అన్నయ్యా. చుక్కలు ఎలా వేయాలో చూపిస్తాను, వచ్చి కింద కూర్చో."