కొట్టుగదిలో ఆర్కిడ్

చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఒక నర్సరీ. 2003, వేసవి మొదట్లో. నర్సరీ నడిపే నజీరా ఎదురుగా, ఒళ్ళో పూలకుండీ పెట్టుకుని మిరప రైతు మాలకొండయ్య కూర్చున్నాడు.

“వారానికి ఒకసారేనా బాబాయ్?”

“ఒకసారే. ఆదివారం. చిన్న చెంబుతో.”

“నిజం చెప్పు.”

“మొక్క విషయంలో అబద్ధం చెప్తానా అమ్మాయ్? పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించి సేద్యం చేస్తన్నా.”

“నా భయం అదే. మిరపతోటకి పెట్టినట్టు తడి పెట్టావేమోనని. ఇది ఆర్కిడ్. దీనికి నీళ్ళ మీద అంత మోజుండదు.”

“ఆర్కెడ్డో, ఏదో. మట్టే లేదు దీనికి. బొగ్గులు, కొబ్బరి పీచు. ఎవరో మోసం చేశారనుకున్నా ముందు. మన రేగడి మట్టి ఒక గంపెడు తెచ్చి పోద్దామనుకున్నా.”

“పోశావా?”

“పోయలా.”

“మందేమన్నా కొట్టావా?”

“ఆకు పండుబారితే... కాస్త.”

“ఏం మందు?”

“చేలో మిగిలిందిలే.”

“మిరపకి కొట్టిందా? అయ్యో బాబాయ్.”

“కాస్తేనమ్మా. మూత తడిసేంత.”

“ఇటు చూడు. ఈ వేళ్ళు తడిగా ఉంటే పచ్చగా కనపడాలి. ఆరితే తెల్లబడాలి. తెల్లబడ్డాకే మళ్ళీ నీళ్ళు. ఇవి చూడు, బురద రంగులో ఉన్నాయి. నొక్కితే చితికిపోతన్నాయి.”

“వేరుకుళ్ళు. అది నాకు తెలీదా? అందుకే బస్సెక్కి వచ్చా. బతుకుద్దా?”

“ఆగు. అడుగున పీచు ఇంకా తడిగానే ఉంది. ఇవాళ శనివారం. ఆదివారం పోసిన నీళ్ళు ఈ ఎండకి ఎప్పుడో ఆరిపోవాలి గదా.”

“అదే నాకూ అర్థం కావట్లా.”

“ఇంకెవరన్నా పోస్తన్నారా?”

“ఎవరున్నారు పొయ్యడానికి?”

“ఇంట్లో ఒక్కడివేనా?”

“ఒక్కణ్ణే అనుకో.”

“అనుకోవడమేంది? ఆ క్యారేజీ ఎవరు కట్టారు మరి?”

“అదా. మా ఇంటిది. చేలోకి పోతన్నాననుకుని కట్టింది.”

“మరి ఒక్కణ్ణే అన్నావు?”

“వండిద్ది, పెట్టిద్ది. పళ్ళెం చప్పుడైతే అన్నం పెట్టిందని లెక్క. గడియ చప్పుడైతే బయటికి పోయిందని లెక్క. రెండేళ్ళు కావొస్తంది. ఒక్కణ్ణే ఉంటే రేడియో అన్నా పెట్టుకునేవాణ్ణి. ఆమె అట్టా కూర్చుని ఉంటే అదీ పెట్టబుద్ధి కాదు.”

“పోట్లాడుకున్నారా?”

“పోట్లాట ఉన్నా బాగానే ఉండేది. రాత్రిళ్ళు దగ్గిద్ది. నేను దగ్గుమందు తెచ్చి పొయ్యిగట్టు మీద పెడతా. సీసా ఖాళీ అవుద్ది. మళ్ళీ తెస్తా. అంతవరకే మా కాపురం. సర్లే, మొక్క సంగతి చూడమ్మా.”

“పిన్ని పోస్తందేమో నీళ్ళు?”

“ఆమా? తెచ్చి కొట్టుగదిలో పడేసింది దీన్ని, మిరపకాయల టిక్కీ బస్తాల వెనకాల. కిటికీ కాడ పెట్టిందిలే, అది వేరే సంగతి. పోసేవాళ్ళు లేకపోతే చచ్చిపోద్ది గదా అని, ఆదివారం ఆమె సంతకి పోయినప్పుడు నేనే పోస్తన్నా. పోస్తా నాలుగు మాటలు మాట్లాడతా.”

“ఎవరితో?”

“దీంతోనే. ఇంకెవరితో?”

“ఏం మాట్లాడతావు?”

“ఏముంది. కాయ రేటు పడిపోయిందని. పత్తికి పురుగొచ్చిందని. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి గదా.”

“ఎవరిచ్చారు ఈ మొక్క?”

“పార్సిల్లో వచ్చింది. హోసూరు నించి. అక్కడ పూలతోటలో పనిచేస్తారు.”

“ఎవరు?”

“పంపినవాళ్ళు.”

“అయితే వాళ్ళనే అడగొచ్చుగా, ఎట్టా పెంచాలో?”

“నిన్నడుగుదామని వచ్చా. చెప్పేటట్టయితే చెప్పు. లేకపోతే పోతా.”

“కోప్పడబాకు బాబాయ్. నేనూ రెండు ఆర్కిడ్లు చంపినదాన్నే. కూర్చో. కుళ్ళిన వేళ్ళు బ్లేడుతో కోసి, పసుపద్ది, నీడన ఆరబెడదాం. పైన రెండు వేళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఒక్కళ్ళు పోస్తే బతుకుద్ది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు. నీ ఇంట్లో వేరే కుళ్ళింది. ఫోన్ చేసి పిన్నిని అడుగు.”

“నేనా? నా గొంతు వింటే పెట్టేసిద్ది.”

“నెంబరు చెప్పు. నేను చేస్తా.”

“చెయ్. నేనిక్కడున్నానని మాత్రం చెప్పబాకు.”

“హలో, మాలకొండయ్య గారి ఇల్లేనా అండీ?”

“అవునమ్మా. ఆయన లేడు. నేను ఆయన భార్యని, మల్లేశ్వరిని.”

“మీతోనే పని పిన్నీ. నేను చిలకలూరిపేట నర్సరీ నించి నజీరాని. మీ ఇంట్లో ఆర్కిడ్ మొక్క ఉందా?”

“ఉండేది.”

“ఉండేదంటే?”

“పొద్దున చూస్తే లేదు. గడ్డివాము వెనక చూశా. పెంటదిబ్బ మీద చూశా. కాలవగట్టు దాకా పోయి చూశా. ఎక్కడ పారేశాడో. అది కూడా ఉండనీలా నాకు.”

“ఎవరు?”

“ఇంకెవరు, మా ఆయనే. మా అమ్మాయి ధనశ్రీ పంపిందమ్మా దాన్ని. ఆయనకి ఇష్టం లేకుండా ఇమ్మానియేలుని పెళ్ళి చేసుకుందని, దాని ఊసెత్తేటట్టయితే నాతో మాట్లాడొద్దన్నాడు. సరేనన్నా. కూతురి ఊసు లేకుండా ఆయనతో మాట్లాడటానికి నాకేం మిగిలిందమ్మా?”

“మొక్కకి మీరు నీళ్ళు పోసేవాళ్ళా పిన్నీ?”

“బుధవారం బుధవారం. ఆయన చేలోకి పోయాక. ఆయన కంటబడితే పారేస్తాడని కొట్టుగదిలో దాచా. కంట్లో వత్తులేసుకుని చూసుకున్నా. అయినా ఆకు పండింది. ఎందుకో తెలీలా.”

“అమ్మాయిని అడగకపోయారా?”

“నెంబరుంది. ఆయనకి తెలీకుండా ఒక్కసారి కూడా చెయ్యలా. నా కూతురితో నేను దొంగతనంగా మాట్లాడాలా? ఇంక అవన్నీ ఎందుకులే. పెట్టె సర్దుకుంటన్నా. సాయంత్రం బండికి దాని దగ్గరికే పోతా. ఆయనకి గిన్నెల చప్పుడు కూడా ఉండదు ఇంక.”

“పెట్టె మూయబాకండి పిన్నీ.”

“ఎందుకు?”

“మొక్కని పారేయలా. నా ఎదురుగానే ఉన్నాడు, ఒళ్ళో పెట్టుకుని. వేరు కుళ్ళింది, ఎట్టాగన్నా బతికించమని బస్సెక్కి వచ్చాడు.”

“ఎవరు?”

“బాబాయే. ఆదివారం మీరు సంతకి పోయాక ఆయనా పోస్తన్నాడంట నీళ్ళు. మీ ఇద్దరి తడితో కుళ్ళింది.”

“ఆయనా? ఆ మొక్కకా?”

“అవును. దాంతో మాట్లాడతాడంట కూడా.”

“చెప్పబాకన్నా గదా అమ్మాయ్. పెట్టెయ్ ఆ ఫోను.”

“నేను పెట్టను. ఇందా, పట్టుకో. పెట్టె సర్దుకుంటందంట బాబాయ్.”

“పెట్టేసి ఉంటది ఈపాటికి.”

“పెట్టెయ్యలా. వింటంది.”

“మల్లేశ్వరీ. నేనే. మొక్క బతుకుద్దంట... ధనశ్రీకి ఫోన్ చేసి, నీళ్ళెట్టా పొయ్యాలో అడుగుదాం. నేను వచ్చిందాకా ఆగు, నేనూ మాట్లాడతా దాంతో.”