నలభై మూడు వేల ఓట్ల మాలాకీ

ఎంతతో మొదలుపెట్టాడనా? పదకొండుతో. డబ్బు కాదమ్మాయ్, ఓట్లు. ఖాయంగా పడే పదకొండు ఓట్లు, హీటరు పనిచెయ్యని ఒక ఎర్ర కారు. మాలాకీ డెవెనీ పెట్టుబడి అంతే. కూచో డెర్వ్లా, బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. బల్ల తడిగా ఉంది, పేపరు పరుచుకో. నిన్నగాక మొన్న కౌన్సిలరువయ్యావు, అప్పుడే సెనేట్ బ్యాలెట్ కవరు సంచిలో పెట్టుకుని తిరుగుతున్నావన్నమాట. ఒకటో నంబరు నీకేనని ఎంతమందికి మాటిచ్చావు? ఆరుగురికా! పర్లేదులే, కొత్త కదా. నేను పోస్ట్‌మాన్‌గిరీ, కౌన్సిలర్‌గిరీ రెండూ చేసే రోజుల్లో తొమ్మిది మందికిచ్చాను. మన ఇంటికొచ్చి, తడికోటు విప్పి, మన టీ తాగుతున్నవాణ్ణి మొహం మీద కాదనడం ఎలా? మన డ్రమ్‌కీల్‌లో అలాంటివాళ్లు ఇంతవరకూ పుట్టలేదు.

మాలాకీ పశువుల మందులు అమ్మేవాడు. సెనేట్‌కి నిలబడతానంటే ఊరంతా నవ్వింది. సెనేటర్లని ఎన్నుకునేది మన కౌన్సిలర్లేగా, దేశం మొత్తం మీద తొమ్మిది వందల చిల్లర, ప్రతివాడి గడపా తొక్కాలి. రోజుకి పద్నాలుగు ఇళ్లు, అంటే పద్నాలుగు టీలు. ఎక్కడెక్కడ ఆగి పొలం గట్టు వెనక్కి వెళ్లొచ్చో కూడా రాసుకున్నాడు మహానుభావుడు. ఒక నోటుబుక్కు ఉండేది, అందులో ప్రతి కౌన్సిలరు పేరూ, వాళ్ల కుక్క పేరూ. కెర్రీలో ఒకాయన ఇంటికెళ్లి, "రెక్స్ ఎలా ఉన్నాడండీ?" అన్నాడట. "రెక్స్ పోయాడయ్యా" అన్నాడాయన. ఇహ మాలాకీ కుర్చీలో కూలబడి ఏడుపు. ఇద్దరూ అరగంట ఏడ్చారు. "కాన్, రెక్స్ పోయి నా పదకొండుని పన్నెండు చేశాడు" అని నాతో చెప్పి మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. నటన కాదు, నిజంగానే. ఏం చెప్తున్నాను? ఆఁ, ఓట్లు. నూట నలభై మంది చెయ్యి పట్టుకుని మాటిచ్చారు, ఒకటో నంబరు పడింది నలభై మూడే. తక్కువొచ్చి తప్పుకున్నవాళ్ల కాగితాల మీది రెండో నంబర్లూ మూడో నంబర్లూ అతుక్కుని, లెక్కింపు మూడో రోజున ఆఖరి సీటు వచ్చింది.

ఆయనెందుకు నిలబడ్డాడో చెప్పలేదు కదూ. ఇదుగో, ఈ బస్ స్టాపు స్తంభం కోసం. అప్పట్లో స్లైగో బస్సు మన వీధిలోంచే వెళ్లేది, ఆగేది కాదు. స్టాపు కారో చౌరస్తా దగ్గర, రెండు మైళ్లు అవతల. అక్కడెవరూ ఉండరు, గొర్రెలు తప్ప. మా ఆవిడ నోరాకి కిడ్నీల జబ్బు. వారానికి మూడుసార్లు స్లైగో ఆస్పత్రికి. నాకున్నది సైకిలు. వానలో రెండు మైళ్లు నడిచి వెళ్లి, గొర్రెల మధ్య నిలబడి, తన ఇంటి ముందునుంచే పోయే బస్సుని ఎక్కేది నోరా. మాలాకీ ఒకరోజు కారులో పోతూ చూశాడు. ఎక్కించుకున్నాడు. ఆస్పత్రి దాకా ఒక్క మాట మాట్లాడలేదట. మాలాకీ! మాట్లాడకుండా! నోరా భయపడిపోయింది, ఈయనకేదో జబ్బని.

సెనేట్‌లో పొద్దున్నే ఒక పద్ధతుంది. అసలు పని మొదలుకాకముందు ఎవరైనా లేచి రెండు నిమిషాలు ఏదైనా మాట్లాడొచ్చు. నాలుగేళ్లు, రెండు వందల పద్నాలుగు సార్లు లేచాడు. కాగితాలన్నీ మా అటక మీదున్నాయి, లెక్కపెట్టాను. చేపల కోటా అన్నారనుకో, "సముద్రంలో చేపకి కూడా ఎక్కడాగాలో తెలుసు, స్లైగో బస్సుకి తెలీదు" అని మొదలెట్టేవాడు. కుక్కల బిల్లు వచ్చినప్పుడు, "అధ్యక్షా, కుక్కని మూతికి బుట్ట కట్టి బస్సెక్కించుకోవచ్చట. డ్రమ్‌కీల్ మనిషి బుట్ట కట్టుకోడానికి కూడా సిద్ధమే." అధ్యక్షుడు కార్క్ ఊరి పెద్దమనిషి, గొంతు గేటు కిర్రుమన్నట్టుండేది. "సెనేటర్ డెవెనీ, బస్సు వద్దూ!" "బస్సు అనలేదు అధ్యక్షా, వాహనం అన్నాను." ఒకసారి ఎవరో మాజీ సెనేటర్ పోతే సంతాపం. అందరూ తల వంచుకుని నిలబడ్డారు. మాలాకీ కూడా. "మహానుభావుడు, ఎవరినీ వానలో నిలబెట్టి ఎరగడు" అన్నాడంతే. సభంతా అధ్యక్షుడి వైపు చూసింది. గంట కొట్టాలా వద్దా అని ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఏమీ కదల్లేదు. మంత్రి పరిశీలిస్తానంటాడు, బస్సు కంపెనీ ఉత్తరం అందిందంటుంది. ఈలోగా స్లైగోలో బస్సు కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు, టై బిగించుకుని. ఆయనకి పంపిన మా అర్జీకి నేను పేపరు ముక్కొకటి గుండుసూదితో గుచ్చాను, సెనేట్ ఫలితాల ముక్క. అందులో ఏముంది? "మాలాకీ డెవెనీ, నలభై మూడు వేలు." నవ్వకు! నీకు తెలుసు, కవరు వెనక నియమాలు చదివుంటావు. సెనేట్ లెక్కింపులో ఒక్కో కౌన్సిలరు ఓటుని వెయ్యిగా లెక్కేస్తారు, ముక్కలు చేసి పంచడానికి వీలుగా ఉంటుందని. మనకి తెలుసు. బయట ఎవరికి తెలుసు? మేనేజరు ఫోన్ చేసి మమ్మల్ని రమ్మన్నాడు. బిస్కెట్లు పెట్టాడు, చాక్లెట్ పూసినవి. "సెనేటర్ గారూ, మీ వెనక నలభై మూడు వేల మంది ఉన్నారని నేను గమనించలేదండీ." మాలాకీ నోరు తెరిచాడు. దిద్దబోతున్నాడు, నాకు తెలుసు, నిజం చెప్పే జబ్బుంది ఆయనకి. బల్ల కింద ఆయన కాలు తొక్కాను. పోస్ట్‌మాన్ బూటు! నోరు మూశాడు. మేనేజరు దాన్ని కోపమనుకుని బిస్కెట్ల ప్లేటు మొత్తం ఆయన ముందుకి తోశాడు. మూడు వారాల్లో స్తంభం వచ్చింది. మొదటిరోజు నోరా టోపీ పెట్టుకుని బయల్దేరింది, ఆస్పత్రికి కాదు, పెళ్లికెళ్తున్నట్టు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోడు. రెండు వందల పదిహేనోసారి లేచాడు. "అధ్యక్షా, బస్సు ఆగుతోంది. కానీ నా వెనక నలభై మూడు వేల మంది లేరు. నలభై ముగ్గురున్నారు, వాళ్లలో ఒకరి ఓటు కుక్క పుణ్యం." గేటు గొంతు పెద్దమనిషే ముందు నవ్వాడట. మేనేజరు ఆవేశంగా మనుషుల్ని పంపాడు, స్తంభం పీకండని. మన వీధిలో సిమెంటు అప్పటికే గట్టిపడింది. నోరా వచ్చి దాన్ని కావలించుకుని నిలబడింది. వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు.

తర్వాతి ఎన్నికా? ఓడిపోయాడు. నాలుగు వందల పన్నెండు ఓట్ల తేడాతో. లెక్క కట్టుకో, ఓటుకి వెయ్యి. ఒక మనిషిలో సగం కూడా కాదు. ఆ మనిషి... ఇదుగో, విను, ఎవరితోనూ అనకు. ఎన్నికకి ముందు ఒక కుర్రాడొచ్చాడు మా ఇంటికి ఓటడగడానికి, వాడూ సెనేట్‌కి నిలబడ్డాడు. తడిసి ముద్దయ్యాడు, కొత్తగా పెళ్లయింది, నోరా చేసిన స్కోన్ రొట్టెలు నాలుగు తిని, "మీరొక్కరే నన్ను లోపలికి రమ్మన్నారండీ" అన్నాడు. మాలాకీ ఎలాగూ గెలుస్తాడని అందరూ అంటున్నారు. అందుకని వాడికి ఒకటో నంబరు రాశాను, మాలాకీకి రెండు. వాడు తక్కువొచ్చి తప్పుకుంటే నా కాగితం మాలాకీకి చేరేది. వాడు తప్పుకోలేదు, చివరిదాకా పట్టుకు వేలాడాడు. నా కాగితం వాడి కట్ట కిందే ఉండిపోయింది, రెండో నంబరు మొహం ఎవరూ చూడలేదు. మాలాకీ మర్నాడే టీకొచ్చాడు. లెక్కల కాగితం బల్ల మీద పరిచి, "కాన్, నాలుగు వందల పన్నెండు. ఎవడోగానీ మర్యాదస్తుడు, సగమే పొడిచాడు" అని పగలబడి నవ్వాడు. నోరా నా వైపు చూసింది, పోస్తున్న టీ కప్పు దాటి సాసర్లోకి పోతోంది. నేను బిస్కెట్ ముంచుకున్నాను. అంతే. ఇద్దరూ పోయారు, నేనింకా ఏమీ అనలేదు.

ఎక్కడికి వెళ్తున్నాననా? స్లైగోకి. మాలాకీ చెల్లెలుందిగా, తొంభై ఒకటి, చెవులు బాగానే ఉన్నాయి. ప్రతి గురువారం వెళ్తాను, చెబుదామనే. టీ ఇస్తుంది, వానల గురించి మాట్లాడుకుంటాం, వచ్చేస్తాను. ముప్ఫై ఏళ్ల గురువారాలు. లెక్కెయ్యకు! ఆ కవరు సంచిలో పెట్టెయ్యి, ఒకటెవరికని నన్నడక్కు. నిన్ను నవ్వించినవాడికో, ఏడిపించినవాడికో కాదు, ఎవరు ఓడితే నీకు నిద్ర పట్టదో...

అదుగో, మలుపు తిరిగింది. చెయ్యెత్తు, పైకెత్తు, వీడు కొత్త డ్రైవరు. మెట్టు ఎత్తుగా ఉంటుంది, నా మోచెయ్యి పట్టుకో. ఈసారి టీ వద్దని చెప్తాను ముందు.