అవ్వ లేదనింది

మళ్ళీ నేనేనా? మీ ఆస్పత్రిలో తలకాయలుండేవాళ్ళు ఇంకెవురూ దొరకలేదా భువనా? పోయినేడు వచ్చినాను. అంతకు ముందేడూ వచ్చినాను. ఇప్పుడు మళ్ళీ డెంకణికోట దాటి, ఈ గుంతల దోవలో జీపేసుకోని వచ్చినావు, ‘అవ్వా, తలనొప్పి క్లాసుంది, పిల్లకాయలకి నువ్వే కావల్ల’ అని.

కూర్చో. ఆ మంచమ్మీద కాదు, దాని నులక తెగింది. ఇట్లా కుడిపక్కకి రా. ఎడమపక్క కూర్చుంటే నువ్వు భువనవో, గోడకానించిన చేటవో నాకు తెలీదు.

నవ్వొద్దు. నవ్వేదానికి చెప్పలేదు నేను.

ఆ క్లాసులో నన్ను ఎత్తు కుర్చీలో కూర్చోబెడతారు. తెల్లకోట్ల పిల్లకాయలు చుట్టూ నిలబడుకుంటారు. నువ్వు ఇంగ్లీషులో చెప్తా చెప్తా నా కణత మీద వేలు పెట్టి చూపిస్తావు, సంతలో ఎద్దు పండ్లు చూపించినట్ల. ఒకరెనక ఒకరొచ్చి నొక్కి చూస్తారు. పోయినేడు ఒక పిల్ల చెయ్యి భలే మెత్తగా ఉండింది. మిగతావాళ్ళవి పిండి పిసికే చేతులే! ఓర్చుకుంటాను. చదువుకునే పిల్లలు కదా.

చదువంటే ఏమో నాకూ తెలుసమ్మా. తల నెరిసినాక, నా మనవరాలు సౌందర్య పలక ముందర పెట్టి, నా వేలు పట్టుకోని దిద్దించింది. ‘అ’ అంటే ఇట్లుంటాదా అని నోరు తెరుచుకోని చూసినాను. అన్నేండ్లు నా నోట్లోనే ఉండి, నా కంటికి కనపడకనే ఉండింది చూడు!

అయితే ఓర్చుకోలేంది ఒకటుంది. అది చెప్పేదానికే కాఫీ కూడా పెట్టకుండా కూర్చోబెట్టినాను నిన్ను.

పోయినేడు క్లాసయినాక ఆ మెత్తచేతి పిల్లని అడిగినాను. ‘అమ్మాయీ, మీ మేడం నన్ను చూపించి మాటిమాటికీ ఏమో అంటా ఉండింది, మీరంతా రాసుకుంటా ఉంటిరి, ఏమది?’ అని. ఆ పిల్ల మనసులో ఏమీ పెట్టుకోకుండా చెప్పింది. ‘దవడ నొస్తాదా అంటే అవ్వ లేదనింది, తల నొస్తాదా దువ్వితే అంటే అవ్వ లేదనింది, అందుకే జబ్బు తెలీలేదు, కన్ను పోయింది’ అని.

అవ్వ లేదనింది!

నిజమే, అన్నాను. కాదంటానా? నువ్వేమడిగినావో అది చెప్పినావా వాళ్ళకి?

గుర్తు తెచ్చుకో. మా ఊరి బడిలో క్యాంపు పెట్టినారు. నువ్వప్పుడు ఇంకా చదువుకుంటా ఉండావు. మీ పెద్ద డాక్టరు గోపీనాథ్ బెంచీ మీద కూర్చోని, మీ గుంపునంతా నిలబెట్టి, ‘తలనొప్పికి మిషన్లు తర్వాత, ముందు అడిగేది నేర్చుకోండి, సగం జబ్బు రోగి నోట్లోనే ఉంటుంది’ అని చెప్పినాడు. ఎంత మంచి మాట! నన్ను నీకప్పగించినాడు, అంతా తమిళమోళ్ళే, నీకొక్కదానికే తెలుగొస్తాదని. యా ఊరమ్మా అంటే కుందారపల్లి అంటివి. నేనెంత సంబరపడితినో! తెల్లకోటేసుకోని మన మాట మాట్లాడే పిల్ల!

‘ఎప్పటినుంచి అవ్వా నొప్పి?’ అంటివి. ‘ఏనుగులు మా రాగిచేన్లో పడినప్పటినుంచి’ అంటిని. నువ్వు తమిళంలో చెప్తే మీవాళ్ళంతా నవ్విరి. పెద్దాయన నవ్వలేదు గానీ తలకాయ ఊపినాడు. ‘దిగులు. దిగులుతో వచ్చే నొప్పి’ అన్నాడు. అప్పుడే అయిపోయింది నా కత. నేను ఏనుగులన్నది కాలం చెప్పేదానికి తల్లీ! మా ఊర్లో ఎవుర్నడిగినా ఏనుగులొచ్చినప్పుడు, ఏనుగులు పోయినాక, అనే చెప్తారు. దిగులు పడితే ఊరంతా తలనొప్పే కదా, నాకొక్కదానికేనా?

నువ్వు మాత్రం వదల్లేదు. పుస్తకంలో ఉండేది అడిగినావు. ‘నమిలేటప్పుడు దవడ నొస్తాదా?’ లేదంటిని. ‘తల దువ్వేటప్పుడు నొస్తాదా?’ లేదంటిని.

భువనా, నేనేం తింటాను? నువ్వే చెప్పు. పొద్దున సంగటి, మాపటికి సంగటి. సంగటి ఎవురన్నా నములుతారా? ఉండ చేసి, ఉలవచార్లో అద్ది, మింగేదే! నమిలితే ‘ఇదెవురో అన్నం తినే ఊరిది’ అని పక్కనోళ్ళు నవ్వుతారు. మీ కుందారపల్లిలో నములుతారా? మీ అమ్మ నీకు మింగేది నేర్పలేదా? నమిలేదే లేనిదానికి నమిలేటప్పుడు నొప్పి యాడ్నుంచి వస్తాది? వక్కాకు వేసుకునేదాన్ని. దవడ పీకుతాదని అదీ మానేసినాను. పంటి నొప్పేమో అని లవంగం పెట్టుకుంటిని.

ఇంగ దువ్వేది. పెద్ద డాక్టరు ఎదురుగా ఉండంగా తలమీద కొంగు ఎట్లా తీసేది? ఆ కొంగు కింద వెంట్రుకే లేదు. కొత్తగా తిరుపతి కొండకి పోయి గుండు కొట్టించుకోని వచ్చుంటిని. గుండుకి దువ్వెనేల? నువ్వు ఎగతాళి చేస్తా ఉండావేమో అనుకుంటిని.

కొండ మీద మంగలాయన కత్తి పెడితే ఎడమపక్క ప్రాణం పోయినట్లాయె. దిండుకి ఆనితే మంట. అది చెప్పబోయినాను. ‘కొండకి పోయినప్పుడమ్మా...’ అని మొదలుపెట్టినాను. నువ్వేమంటివి? ‘అడిగినదానికి మాత్రం చెప్పవ్వా, ఇంకా శానామంది ఉండారు’ అంటివి.

అంటివా, లేదా?

తల దించుకోవద్దు. నీ మీద నాకు కోపం లేదు.

ఉంది. ఎందుకబద్ధం?

నొప్పి మాత్రలిచ్చి పంపిస్తిరి. శొంఠి గంధం పట్టేసుకోని పడుకుంటిని. ఒకనాడు లేచి కుడికన్ను మూసి నులుముకుంటే, ఎడమకంటికి అంతా చీకటి. ‘సౌందర్యా, కరెంటు పోయింది, దీపం ముట్టించు’ అంటిని. ‘అవ్వా, ఎండ కాస్తా ఉంది’ అనింది ఆ పిల్ల.

శెట్టి అంగట్లో కాయిన్ ఫోను నుంచి మీ ఆస్పత్రికి చెప్పి, హోసూరుకి ఎత్తుకోని వచ్చిరి నన్ను. అప్పుడు దొరికింది జబ్బు, కన్ను పోయినాక! కణతలో నరం వాచి కంటికి నెత్తురు పోనీలేదంట. మీ మాత్రలు మొకాన్ని గుమ్మడికాయ చేసె, షుగరు తెచ్చె, అయినా కుడికన్ను నిలిపె. దానికి నీకు దండం పెడతాను. ఆ కన్నుతోనే ఇప్పుడు కూడబలుక్కుంటా కతలు చదువుకుంటా ఉండాను.

నీ సెల్లు మోగతా ఉంది. ఎత్తు. పిల్లకాయలు కాచుకోనుండారా? వస్తా ఉండామని చెప్పు. వస్తాను, రాకేం?

ఆ పిల్లకాయలు ఏయే ఊర్లకో పోతారు కదమ్మా. ఇంకో అవ్వ ‘లేదు’ అంటాది. సరే అని రాసుకోని లేస్తారు. నువ్వు నేర్పించేది అదే కదా?

ఒక్క మాట. వచ్చినప్పటినుంచి క్లాసు, క్లాసు అంటా ఉండావు. ‘అవ్వా, నీ తల ఎట్లుంది?’ అని అడిగినావా?

మాత్రలు తగ్గిస్తా తగ్గిస్తా వచ్చి, ఉగాదికి నిలిపేయమంటిరి. నిలిపేసినాను. ఇప్పుడు కుడిపక్క నొప్పి మొదలైంది. దిండుకి ఆనితే మంట. సంగటి మింగేదానికి ఇబ్బందేమీ లేదు. నిన్న సౌందర్య వేయించిన శెనక్కాయలిస్తే, పిడికెడు నమిలేలోపల దవడ పట్టేసింది.

ముందరే చెప్పొచ్చు కదా అంటావా? అడిగినదానికి మాత్రం చెప్పమంటివే!

చూడు, ఎట్లా లేచి నిలబడితివో. అప్పుడే బ్యాగు తెరిస్తివే. ఉండాదా ఆ మాత్ర? ఇయ్యి. నీళ్ళొద్దు. మింగేది బాగా వచ్చు నాకు.

పద, జీపెక్కుదాం. పిల్లకాయల ముందరే అడుగు నన్ను, మన మాటలో, మొదట్నుంచి. నేను కొండ కత చెప్పినా, ఏనుగుల కత చెప్పినా, అడ్డం రాకు. ఈ కన్ను నిలిస్తే నిలిచింది, పోతే పోయింది. అవ్వ లేదనింది అని మాత్రం ఇంగ అనలేవు.

ఆ చెప్పులిట్లా నూకు. ఎడమది యాడుందో నువ్వే చూడల్ల.