ఎనిమిది సెంటీమీటర్ల పంచాయితీ

బడి ముందు ఎండలో పిల్లలు దారాలూ కర్రలూ పట్టుకుని కొలతల పాఠం నేర్చుకుంటున్న వేళ, ఆ బడి తలుపులూ బీరువాలూ అన్నీ తన చేతుల మీదుగా చేసిన వడ్రంగి తాత, మనవరాలి నోటుపుస్తకం చంకన పెట్టుకుని టీచరమ్మ మీదికి వచ్చాడు.

“అది కాదమ్మా టీచరమ్మా, ఇది పాఠమా, కప్పల వేటా? పిల్లలంతా దారాలు పట్టుకుని మట్టిలో దొర్లుతున్నారు. మీటరుకి వంద సెంటీమీటర్లని పుస్తకంలో అచ్చేసే ఉందిగా. వల్లె వేయిస్తే పోలా?”

“చేత్తో కొలిస్తేనే కొలత వంటబడుతుంది తాతగారూ. మొదట జానలతో కొలిచారు, తర్వాత అడుగులతో, ఇవాళ మీటరు కర్రతో...”

“కొలవండి! చెట్టును కొలవండి, గోడను కొలవండి, పెద్ద మాష్టారి బొజ్జను కొలవండి, నాకేం? నా తలుపు జోలికెందుకొచ్చారు?”

“మీ తలుపని కాదండీ, దగ్గర్లో ఉందని...”

“దగ్గర్లో ఉందని! ఇదిగో, నా సొంత మనవరాలే రాసింది చూడు. ‘తలుపు ఎత్తు రెండు వందల ఎనిమిది సెంటీమీటర్లు. రెండు వందలే ఉండాలి. తాతయ్య ఎనిమిది ఎక్కువ చేశాడు.’ కింద ఎర్ర గీత కూడానూ! రేపు కమిటీ వాళ్ళొచ్చి కొత్త బెంచీల పని ఎవరికివ్వాలో తేలుస్తారు. ఇది గోడకి అంటించావంటే నా మొహాన మసి పూసినట్టే.”

“నేను కొలిచిందే రాశాను తాతయ్యా. రెండు కర్రలు, పైన చిన్న స్కేలుతో ఇంకో ఎనిమిది.”

“నువ్వు నోర్ముయ్యవే బుడ్డీ. పాలపళ్ళు ఇంకా ఊడలేదు, నాకే లెక్కలు! టీచరమ్మా, నా తలుపు సందులోంచి చీమ దూరాలంటే ఊపిరి బిగబట్టి పక్కకి తిరగాలి. ఒకసారి ఓ చీమ బాగా మెక్కి వచ్చి మూడు రోజులు ఇరుక్కుపోయింది. నాలుగో రోజు చిక్కి బయటపడింది. అలాంటి తలుపు ఎనిమిది ఎక్కువట! ఎక్కువైతే మూసుకుంటుందా? పైన గోడలోకి పొడుచుకుపోదూ?”

“నాకూ అదే అనుమానంగా ఉంది...”

“అనుమానమట! ఏదీ ఆ కర్ర, ఇలా తే.”

“వద్దులెండి తాతగారూ. ఆ కాగితం అంటించను. పోనివ్వండి.”

“ఎందుకు పోనివ్వాలి? తేవే బుడ్డీ. ఆఁ. ఇదీ మీ కర్ర. ఇదిగో నా టేపు. గట్టిగా పట్టుకో. ఎంతుంది, చదువు.”

“తొంభై... తొంభై ఆరు!”

“తొంభై ఆరు! విన్నావా టీచరమ్మా? కర్రకి నాలుగు తక్కువ. రెండు కర్రలకి?”

“ఎనిమిది... అయ్యయ్యో.”

“తాతయ్యా, దీని మీద మొదటి అంకె ఐదు. దానికి ముందు సగం తెగిన నాలుగుంది.”

“రంపం పెట్టి కోశారే దీన్ని! తల తెగిన కర్ర పట్టుకుని ఊరందరికీ కొలతలు నేర్పుతున్నావా అమ్మా? పిల్లలు చూడలేదు సరే, నీ కళ్ళేమయ్యాయి?”

“నా తప్పేనండీ. అంకెలు అరిగిపోయి ఉన్నాయి, నేను చూసుకోలేదు. బీరువాలో పట్టక కాస్త కోయించామని పెద్ద మాష్టారు ఎప్పుడో అన్నారు...”

“బీరువాలో పట్టకపోతే కర్రని కోస్తాడా? చెప్పులో పట్టకపోతే కాలు కూడా కోస్తాడేమో! ఎవడా మహానుభావుడు?”

“అది... ఎవరైతే ఏంలెండి.”

“ఎవరైతే ఏమిటేమిటి? పేరు చెప్పు.”

“పిల్లల ముందెందుకండీ...”

“పిల్లల ముందే తేలాలి! బుడ్డీ, ఆ ఎర్ర గీత కొట్టెయ్. పెద్ద అక్షరాలతో రాయి. ‘తలుపు సరిగ్గా రెండు వందలు. తాతయ్య తప్పు చెయ్యలేదు.’ రాశావా? దాని కింద ఇంకోటి. ‘ఈ కర్ర కోసినవాడికి కొలతంటే ఏమిటో తెలియదు. వాడిచేత ఈ బడిలో ఒక్క మేకు కూడా కొట్టించకూడదు.’”

“తాతగారూ, ఆ రెండోది వద్దు. నా మాట వినండి.”

“వినను! రేపు కమిటీ వాళ్ళు దీన్ని గోడ మీద చదవాల్సిందే. నువ్వు అంటించకపోతే నేనే అంటించి పోతాను.”

“రాశాను తాతయ్యా. మరి...”

“మరేమిటి? ‘ఒక్క మేకు’ కింద గీత గియ్యి. ఎర్రదే గియ్యి.”

“గీశాను. మరి, నువ్వు బడికి బీరువా చేసిచ్చిన రోజు ఇంటికొచ్చి నా బొమ్మ కూర్చోడానికి బుల్లి పీట చేసిచ్చావు కదా తాతయ్యా. దాని మీద ఒకటి, రెండు, మూడు, సగం నాలుగు ఉంటాయి. ఆ మిగతా సగం ఇదేనా?”