ముదలియార్‌పేట ఎంత దూరం

పుదుచ్చేరి పిళ్ళైచావడిలో చెల్లప్పన్ టీ కొట్టు దగ్గర మా నటేశన్ కూర్చున్నాడంటే ఇంక మాలో ఎవరూ లేచి పనికి పోరు. ఆయనకు తట్టాంచావడిలో లేత్ షెడ్డు ఉంది, ముదలియార్‌పేటలో సొంతిల్లు ఉంది, నోటికి మాత్రం హద్దు లేదు. అబద్ధం చెప్తున్నాడని మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా ఇంకో టీ చెప్పుకుని మరీ వింటాం.

ఆ సాయంత్రం బెంచీ మీద ఇద్దరు కొత్తవాళ్ళున్నారు. యానాం నుంచి వచ్చిన గంగాభవాని, ఆవిడ కూతురు లాస్య. పొద్దున్నే ఇక్కడి యూనివర్సిటీలో సర్టిఫికెట్లు చూపించి సీటు ఖాయం చేసుకున్నారు. లాస్య మనసంతా హైదరాబాద్ మీదే ఉంది, అక్కడి జాబితా వచ్చే వారం గానీ రాదు. అది రాకపోతే చేతిలో ఒకటుండాలని ఈ సీటు. ఇక్కడి హాస్టల్ గదికి ఫోన్లోనే అడగాలి, దానికి ఆ రోజు ఐదింటితో గడువు సరి. హాస్టల్ లేకపోతే పిల్లని అంత దూరం పంపనని వాళ్ళ నాన్న త్రిమూర్తులు ముందే చెప్పేశాడు. హైదరాబాద్ రాక, ఇక్కడ గదీ లేకపోతే లాస్య ఏడాదంతా ఇంట్లో కూర్చోవాల్సిందే.

వివరాలన్నీ నింపేసి ఆఖరి బటన్ మీద వేలు పెట్టింది లాస్య. వాళ్ళమ్మ ఆ చెయ్యి పట్టుకుని వదలడం లేదు.

"ఇప్పుడే ఇక్కడ గది పెట్టేసుకుంటే హైదరాబాద్‌ది రాకుండా పోద్దేమోనే. నాకెందుకో భయంగా ఉంది."

"రెండిటికీ సంబంధం లేదమ్మా. అది వస్తే ఇది వదిలేసుకోవచ్చు. ఐదు దాటితే మాత్రం ఇది కూడా ఉండదు."

ఆ మాట నటేశన్ చెవిన పడింది. ఇంకేముంది, టీ గ్లాసు పట్టుకుని బెంచీ ఈ చివరికి జరిగాడు.

"నొక్కొద్దు పాపా, నొక్కొద్దు! అక్కా, నువ్వు చెప్పిందే కరెక్టు. సేఫ్టీకని పెట్టుకున్న యూనివర్సిటీ కాడికి మనమే పోయి రూము అడిగితే అలుసైపోతాము. వాళ్ళే వచ్చి అడగాల. నా కూతురు హేమమాలినికి రూము ఎట్ల తెచ్చినానో చెప్తా, వినండి. దీంట్లో ఒక్క ముక్క ఎక్కువ చెప్పుంటే ఈ టీ నా గొంతు దిగకుండా పోనీ."

అని ఒక గుక్క తాగాడు. దిగింది.

"హేమకి చెన్నైలో ఒక పెద్ద యూనివర్సిటీ మీద ఆశ. సరి, చిన్నపిల్ల గదా, ఆశ పడనీ. నేనేం జేసినా? సేఫ్టీకి ఇంకోటి పెట్టుకోమ్మా అన్నా, అది ఇదే, ఈ సముద్రం పక్కది. అంతే నేను జేసింది. గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు నేను. అయితే ఈడ రూములు దూరాన్ని బట్టి ఇస్తారు, దూరపోళ్ళకి ముందు, దగ్గరోళ్ళకి మిగిల్తే. మా ఇల్లు యాడ? ముదలియార్‌పేట. బస్సెక్కి ఒక కునుకు తీసే లోపల ఈడికి వచ్చేస్తాము. నీకు రూమెవురు ఇస్తారు నటేశా అని ఊరంతా నవ్వినారు. నేను నేరుగా ఆఫీసుకి పోయినా. అనంతరామన్ అని ఒక ఆఫీసర్, మంచి మనిషి. 'మీ ఇల్లు దగ్గర సార్, కుదరదు' అన్నాడు. 'దగ్గరని ఎవురు కొలిచినారు?' అని అడిగినా. ఒకే ఒక్క మాట! ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు."

"ఆ ఒక్క మాటకే రూమిచ్చేసినారా అన్నా?" అన్నాడు ఉదయకుమార్. ఆయనది నటేశన్ షెడ్డు పక్కనే వెల్డింగ్ పని, ఈ కథలు వినీ వినీ రాటుదేలిపోయాడు.

"చెప్తా ఉండా గదా, ఆగప్పా. 'కొలుద్దాం రండి సార్' అని నా పాత స్కూటర్ ఎనక కూర్చోబెట్టుకున్నా, ఆయన టిఫిన్ క్యారియర్ ఆయన ఒళ్ళోనే. ఇప్పుడు రూలు ఏందంటే అక్కా, యూనివర్సిటీ ఉండేది పుదుచ్చేరిలో, నా ఇల్లు ఉండేది పుదుచ్చేరిలో, మధ్యలో తమిళనాడు మట్టి మీద చక్రం పడిందా, ఆ కొలత చెల్లదు. ఈ రూలు పెట్టింది నేనే, ఆయన ఒప్పుకున్నాడు. మీరు ఊరికి కొత్త, మీకు తెలీదు. ఈడ ఈ గోడ పుదుచ్చేరి అయితే ఆ గోడ తమిళనాడు, ఒకే రోడ్డు మీద పోతా ఉంటే బోర్డు మారతాది, మళ్ళా మారతాది. తమిళనాడు బోర్డు కనపడితే నేను స్కూటర్ తిప్పేది, ఇంకో బోర్డు, ఇంకో తిప్పుడు, ఆయన 'సార్, నాకు తల తిరగతా ఉండాది' అనేది, 'మీ తల కాదు సార్, స్కూటర్' అని నేననేది. అట్ల తిప్పి తిప్పి చూస్తే ఎదురుగా సముద్రం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వెనక్కి వచ్చేసుంటారు," అంది గంగాభవాని.

"ఎనక్కి వస్తే నేను నటేశన్ ఎట్లవుతా అక్కా? సముద్రం తమిళనాడుదా? కాదు. చక్రాల్లో ఇంకొంచెం గాలి కొట్టించి నీళ్ళ మీదకి దించినా."

చెల్లప్పన్ టీ చల్లార్చడం ఆపేశాడు. "నీళ్ళ మీద స్కూటరా?"

"అంత కష్టమేం లేదు చెల్లప్పా. అల వస్తే స్పీడ్ బ్రేకర్ మాదిరి గేరు తగ్గించి ఎక్కించాల, దిగినాక పెంచాల. హారన్ కొడితే చేపలు పక్కకి పోతాయి, మన బస్టాండు కాడ జనం కంటే నయం. అట్లే పోతే కారైకాల్. అదీ పుదుచ్చేరే గదా! దిగి ఇడ్లీ తిన్నాము. 'మీ ఇల్లు వచ్చేసిందా సార్' అన్నాడు ఆఫీసర్. 'ఇంకొంచెం ముందుకి సార్' అన్నా. మళ్ళా సముద్రం. కన్యాకుమారి కాడ కుడి పక్కకి తిరిగేటప్పుడు చెయ్యి చూపించినా, యాడున్నా రూలు రూలే. ఆ పక్క కేరళ, మాహే చేరేసరికి ఒకటే వాన. మాహే ఎవురిది? మనదే! ఆఫీసర్ దిగి గొడుగు కొనుక్కున్నాడు. ఆయన గొడుగు తెరిచిందే ఆలస్యం, గాలి పట్టుకోని స్కూటర్ లేచింది, వచ్చిన దోవనే ఎగురుకుంటా పోయి, కన్యాకుమారి చుట్టేసి, చెన్నై దాటేసి, పోయి గోదారిలో దిగింది. యాడ? మీ యానాంలో!"

"మా యానాంలోనా?" గంగాభవాని ముందుకు వంగింది. కూతురి చెయ్యి మాత్రం వదల్లేదు.

"మీ వీధిలోనే అక్కా! ఎవురో మహాతల్లి పిలిచి పులస పులుసు వేసి అన్నం పెట్టింది. నువ్వే అయ్యుంటావు."

"నేను కాదండీ బాబూ. పులస మాకే దొరికి చావట్లేదు."

"అయితే మీ పక్కింటోళ్ళు. తిని చెయ్యి కడుక్కోని మీటర్ చూసినాము. ముల్లు తిరిగి తిరిగి అలిసిపోయి పడుకోనుండాది. ఆఫీసర్ నా రెండు చేతులూ పట్టుకోని, 'ముదలియార్‌పేట ఇంత దూరమని నాకు తెలీదు సార్, పాపం మీ పాప రోజూ ఎట్ల వచ్చి పోతాది' అని ఏడ్చేసినాడు."

"హేమ రోజూ బస్సులోనే గదన్నా పోయి చదివింది?" అన్నాడు ఉదయకుమార్.

"బస్సోళ్ళు బతిమాలితే పోయింది! హేమ ఎక్కకపోతే డ్రైవర్‌కి బండి స్టార్ట్ కాదంట. నువ్వు అడ్డం రాకు."

లాస్య ఫోన్ చూసుకుంది. "అమ్మా, ఐదు కావస్తోంది. ఇంక నొక్కేస్తానే."

"ఉండవే. ఆయనకి గది ఎలా వచ్చిందో విననీ." గంగాభవాని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి నాకు ఆ పిల్ల మీద జాలేసింది. నటేశన్‌ని ఆపుదామని నోరు తెరిచాను కూడా. కానీ ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక ఆయన్ని ఎవరూ ఆపలేరు.

"జాబితా అంటించినారు. మొదటి పేరు ఎవురిది? హేమమాలిని, ముదలియార్‌పేట! దాని కింద కాశ్మీర్, దాని కింద అండమాన్. అండమాన్ పాప వచ్చి, 'అంకుల్, మేము ఓడెక్కి వచ్చినాము' అని కళ్ళనీళ్ళు పెట్టుకునింది. నా మనసు కరిగిపోయి, మాకిచ్చిన రూముల్లో ఒకటి ఆ పాపకి ఇచ్చేసినా."

"రూములా? ఎన్నిచ్చారండీ?" అంది లాస్య.

"మొదట ఒకటే. కిటికీలో సముద్రం సగమే కనపడతా ఉండాది అన్నా, అంతస్తు మొత్తం ఇచ్చినారు. మెట్లెక్కితే కాళ్ళు నొప్పులు అన్నా, బిల్డింగే ఇచ్చినారు. ఈ బిల్డింగులో ఎవురినీ కుట్టరాదని దోమలకి నోటీసు అంటించినారు. ఆ పొద్దు నుంచి ఒక్క దోమ కుట్టినా నన్నడగండి! ఇంతలో ఈ సంగతి చెన్నైలో ఆ పెద్దదానికి తెలిసింది. సేఫ్టీకి పెట్టుకున్నది బిల్డింగే ఇచ్చిందంట, మనమేం తక్కువా అని రోషం వచ్చేసింది. ఫోన్ మీద ఫోన్. నేను ఎత్తితే గదా! అందుకే చెప్తా ఉండా అక్కా, టైం చూసుకోని కూర్చోవాల, మనం ముందే నొక్కేస్తే వాళ్ళకి రోషం యాడ పుడతాది? నేను ఫోన్ ఎత్తకపోయేసరికి అది లేచి బయల్దేరింది."

"ఏది?" అన్నాం అందరం.

"యూనివర్సిటీనే! గడియారం, క్యాంటీను, చెట్లు, చెట్ల కింద కబుర్లు చెప్పుకునే పిల్లోళ్ళతో సహా, సముద్రం పక్క రోడ్డు పట్టుకోని జరుక్కుంటా వస్తా ఉండాది. టోల్ గేట్ కాడ ఆపితే స్టూడెంట్ పాస్ చూపించింది. అది వస్తా ఉండాదని ఈడ మనదానికి తెలిసి దడ పుట్టింది. హేమని ఎత్తుకోని పోతారని ఇదీ లేచేసింది. మన పిళ్ళైచావడి జాలరోళ్ళు పొద్దున్నే వచ్చి చూస్తే లైబ్రరీ ఉండే చోట ఒట్టి ఇసుక! 'అయ్యయ్యో, పోతా ఉండాదే' అని వలేసి లాగినారు. ఆగుతాదా? వల చినిగిపోయింది, ఒక లెక్చరర్ మాత్రం చిక్కినాడు."

ఉదయకుమార్‌కి వడ పొలమారింది. చెల్లప్పన్ వీపు మీద నాలుగు చరిచి నీళ్ళిచ్చాడు. నటేశన్ అదేం పట్టించుకోలేదు.

"అట్ల జరిగి జరిగి మనది యాడ నిలిచింది? ముదలియార్‌పేటలో, మా వీధిలో, మా గుమ్మం ముందర! నా భార్య లోగనాయకి ముగ్గేద్దామని తలుపు తీస్తే ఎదురుగా గేటు. ఆమె ఏం కంగారు పడలా. వాకిలి పెద్దదయింది గదా అనుకోని, వంగి చుక్కలు పెట్టుకుంటా, కలుపుకుంటా పోయింది పోయింది, ముగ్గు ముగించి తలెత్తి చూస్తే వైస్ ఛాన్సలర్ రూములో ఉండాది! ఆయన ముగ్గు తొక్కకూడదని కాళ్ళు రెండూ కుర్చీ మీదకి ఎత్తి పెట్టుకోని, 'అమ్మా, ఇంక మీ పాప నడిచే పనే లేదు, గుమ్మం దాటితే క్లాసే' అన్నాడు!"

కొట్టంతా గొల్లుమంది. గంగాభవాని నవ్వలేక కళ్ళు తుడుచుకుంటూ కూతురి చెయ్యి ఎప్పుడో వదిలేసింది. లాస్య మాత్రం నవ్వలేదు, అమ్మ సరే అనకుండా నొక్కనూ లేదు. క్లాసులో డౌటు అడిగే పిల్లలా నటేశన్ వైపే చూస్తోంది.

"బాబాయ్ గారూ, ఒక్కటి అడగనా?"

"పది అడుగు పాపా!"

"గుమ్మం దాటితే క్లాసే అన్నారు కదా. మరి ఇప్పుడు మీ ఇంటికీ యూనివర్సిటీకీ దూరం ఎంతండీ?"

"దూరమా? దూరమేంది పాపా, చెయ్యి చాపితే గేటు తగలతాది!" అని నటేశన్ తొడ చరిచాడు.

"రూములు దూరాన్ని బట్టే ఇస్తారని మీరే అన్నారు. దూరమే లేకుండా పోయాక ఆ బిల్డింగు మీకు ఎందుకుంచుతారండీ?"

చరిచిన చెయ్యి తొడ మీదే ఉండిపోయింది. నటేశన్ ఒకసారి పైకి చూశాడు, ఒకసారి గ్లాసులోకి చూశాడు.

"అదీ... అప్పుడు నేనేం జేసినానంటే... మా ఇల్లు పట్టుకోని..."

"యాడికి జరిపినావన్నా, మాహేకా?" అన్నాడు ఉదయకుమార్. చెల్లప్పన్ నవ్వు ఆపుకోలేక పొయ్యి పక్కన కూలబడ్డాడు.

గంగాభవాని నవ్వు మాత్రం ఆగిపోయింది. గోడ గడియారం చూసింది. చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"అమ్మో! నొక్కవే లాస్యా, నొక్కు! సముద్రాలన్నీ తిరిగొచ్చినాయనకే గది నిలవలేదు, మనకోసం ఎవరాగుతారు?"

లాస్య నొక్కింది. ఫోన్లో చక్రం తిరగడం మొదలైంది. మేమంతా ఆ చిన్న తెర మీదకు వంగిపోయాం. తిరుగుతోంది, ఇంకా తిరుగుతోంది. నిజం చెప్పాలంటే అందరికంటే ఎక్కువ ఆత్రం నటేశన్‌కే. "అయిందా పాపా? అయిందా?" అని ఆ పిల్ల భుజం మీదుగా తొంగి చూస్తూనే ఉన్నాడు.

దరఖాస్తు అందిందని వచ్చింది. గంగాభవాని కూతుర్ని గట్టిగా పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఉదయకుమార్ చప్పట్లు కొట్టాడు. మాకెందుకో చెప్పలేనంత సంతోషం వేసింది.

నటేశన్‌కి అప్పుడు నోరు మళ్ళీ వచ్చింది. లుంగీ ఎగ్గట్టి, రోడ్డు అవతలివాళ్ళకి కూడా వినపడేలా అరిచాడు.

"చూసినావా చెల్లప్పా! ఇంకో పాపకి రూము ఇప్పించేసినా!"

లాస్య ఫోన్ బ్యాగులో పెట్టుకుని లేచింది.

"రూము ఇంకా రాలేదు బాబాయ్ గారూ, అడిగానంతే. వస్తే మాత్రం మా యానాం వల్ల వస్తుందండీ. దాని దూరాన్ని ఎవరూ సాగదీయక్కర్లేదు."