తప్పు బొమ్మది కాదట

వియత్నాంలో నామ్ దిన్ పట్టణం. ఎనిమిదో నెల పున్నమి పండుగ ఇంకా పన్నెండు రోజులుంది. వసారాలో అత్తగారు వెదురుబద్దలతో నక్షత్ర లాంతర్లు కడుతోంది. కోడలు దియెప్ అప్పుడే శిశువిహార్ నుంచి నాలుగేళ్ళ కూతురు తోమ్‌ని తీసుకుని వచ్చింది. తోమ్ అంటే వాళ్ళ భాషలో రొయ్య, ముద్దుపేరు.

"ఏమంటుందేమిటి మీ టీచరమ్మ? మన పిల్ల ఎవరి నెత్తి పగలగొట్టిందట?"

"ఎవర్నీ కొట్టలేదు అత్తయ్యా. కాస్త మంచినీళ్ళు తాగనివ్వండి."

"తాగు, తాగు. మిల్లులో సెలవు పెట్టించి మరీ పిలిపించారంటే పెద్ద సంగతే అయ్యుంటుందని అడిగా. ఆ బద్ద ముట్టుకోకు."

"కిందపడితే తీసి ఇస్తున్నా."

"పడనీ. నువ్వు తీస్తే వంకర పోతుంది. పెళ్ళయి ఆరేళ్ళయినా జిగురు పూయడం చేతకాలేదు నీకు. ఇంతకీ ఏమంది?"

"తోమ్‌కి కోపం ఎక్కువైందంది. బొమ్మ కుదరకపోతే తట్టుకోలేకపోతోందట."

"అబ్బో. అది కనిపెట్టడానికో చదువు, ఆ చదువుకో ఉద్యోగం. నన్నడిగితే బిడ్డ నెలల్లో ఉన్నప్పుడే చెప్పేదాన్ని. పాలసీసా రాకపోతే పిడికిళ్ళు బిగించేది."

"పండుగలోపు మారకపోతే బడికి పంపొద్దంటున్నారు."

"పంపకు. నేను లేనూ?"

"అది కాదు అత్తయ్యా..."

"ఏది కాదు? ముగ్గుర్ని పెంచా ఈ చేతులతో. ఇవాళ నువ్వు ఫోనులో ఎవడో కుర్రాడు చెప్పే పాఠం విని నాకు పిల్లల్ని పెంచడం నేర్పుతావా? నిన్న ఆ చెక్క రైలు పెట్టెకి కొక్కెం పడక పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, నువ్వు పక్కన గుళ్ళో విగ్రహంలా కూర్చున్నావు."

"అడిగేదాకా చెయ్యి వెయ్యొద్దన్నారు. 'కోపమొచ్చింది' అని ముందు నోటితో అనిపించాలట. తర్వాత నాలుగు పెట్టెలు మనం తగిలించి, చివరిది దాని చేత తగిలించాలి."

"నోటితో అనిపించాలట. ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది కదే, అది నోరు కాదా? నేనైతే చిటికెలో తగిలించి ఇచ్చేదాన్ని."

"ఇన్నాళ్ళూ అదేగా చేశారు. అందుకే దానికి రాదు."

"ఓహో. తేలిందన్నమాట. తప్పు నాది."

"నేనలా అనలేదు."

"అనక్కర్లేదులే, నీ మొహమే అంటోంది. ముట్టుకోవద్దన్నావు, మానేశా. గడపనీ బొమ్మనీ కొట్టొద్దన్నావు, అదీ మానేశా. మావాడు నడక నేర్చే రోజుల్లో గడప తగిలి పడితే, గడపకి నాలుగు దెబ్బలేసి 'చువా, చువా, బుద్ధొచ్చిందా' అనేదాన్ని. ఇంకోసారి మా బాబు జోలికొస్తావా అని. వాడు నవ్వుకుంటూ లేచేవాడు. మా అమ్మ నాకూ అంతే చేసింది. ఈ వీధిలో దెబ్బలు తినని గడప ఒక్కటి చూపించు."

"అది చూసేగా తోమ్ బొమ్మలన్నీ నేలకేసి కొట్టేది. బాతు మెడ విరిగింది, వంటసామాను పోయింది..."

"పోతే పోయింది. ప్లాస్టిక్కుకి నొప్పా?"

"సరే. నేను వద్దన్న దగ్గర్నుంచీ, ఈ నెల రోజుల్లో ఒక్క బొమ్మయినా విరిగిందా?"

"లేదు."

"ఎందుకు విరగలేదో ఆలోచించారా?"

"ఆలోచించా. నీ ఫోను పాఠం పనిచేసింది కాబోలనుకున్నా. ఆ మాట నీ ఎదుట ఒప్పుకోవడం ఇష్టంలేక ఊరుకున్నా. చాలా?"

"నేనూ అలాగే మురిసిపోయా అత్తయ్యా."

"మురిసిపోయానంటూ ఆ కళ్ళనీళ్ళెందుకు? ఇంకా ఏదో దాస్తున్నావు."

"ఒకటడుగుతా. బొమ్మల్ని కొట్టకూడదని దానికి చెప్పమన్నా కదా. మీరు ఏమని చెప్పారు?"

"నువ్వు చెప్పిందే. 'మీ అమ్మగారి హుకుం వచ్చింది. ఇకమీదట ఎవరూ బొమ్మల్ని కొట్టకూడదు. తప్పు బొమ్మది కాదట' అని."

"అంతేనా?"

"ఇంకేముంటుంది? అదేదో అడిగింది."

"ఏమడిగింది?"

"ఆ దారం ఇటు ఇయ్యి."

"అత్తయ్యా, ఏమడిగింది?"

"మరి తప్పెవరిది నానమ్మా, అని."

"మీరేమన్నారు?"

"నేను పనిలో ఉన్నా. మీ అమ్మనే అడుగు, అన్నీ ఆవిడకే తెలుసు, అన్నా. నిన్నడగలేదా?"

"అడిగింది. బస్సు టైమైపోతోంది. ఎవరిదీ కాదులే అని చెప్పులేసుకుని పోయా."

"బాగానే చెప్పావుగా. ఒక్కసారైనా బుర్ర పనిచేసింది."

"ఏం బాగు? ఈ ఇంట్లో అది ఏడుపు మానాలంటే ఎవరికో ఒకరికి దెబ్బ పడాలి. పుట్టినప్పట్నుంచీ అదే చూసింది. ఎవరిదీ కాదంటే దానికెలా అర్థమవుతుంది?"

"దియెప్, డొంకతిరుగుడు వద్దు. బళ్ళో ఏం జరిగింది?"

"నేను చెప్పలేను. మీరే దాన్ని పిలవండి."

"తోమ్. ఇలా రావే నా రొయ్యపిల్లా. ఇంత ఉక్కలో పొడుగు చేతుల చొక్కా ఏమిటే, చెమట పట్టేలా. ఆ చెయ్యి పైకి... ఇదేమిటి? దియెప్, ఇదేమిటి? ఇంతలా కమిలిపోయింది. ఆ టీచరుదేనా ఈ పని? పద, ఇప్పుడే పద, దాని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుస్తా."

"టీచరు కాదు నానమ్మా."

"మరెవరు? ఎవరైనా సరే చెప్పు, భయపడకు."

"నేనే."

"నువ్వా? ఎందుకే?"

"కొక్కెం పట్టలేదు."

"పట్టకపోతే?"

"బొమ్మది తప్పు కాదు కదా."

"చెక్క ముక్కతో కొట్టుకుంటోందట అత్తయ్యా. బళ్ళో అందరూ నిద్రపోయాక, మూలకి పోయి, చప్పుడు రాకుండా. ఏడవనైనా ఏడవడం లేదట."

"నోర్ముయ్. దాని ముందు ఏడవకు. రొయ్యపిల్లా, ఆ రైలు తీసుకురా. నేను తగిలించి..."

"మీరు తగిలించకండి అత్తయ్యా."

"మరేం చెయ్యను? చెప్పు. నీకే తెలుసుగా అన్నీ."

"నాకూ తెలీదు."

"ఆ ఫోనువాడు ఏమన్నాడో అది చెప్పవే. ఎగతాళి చెయ్యను."

"ముందు పెట్టె కదలకుండా పట్టుకోండి. కొక్కెం దాన్నే పెట్టనివ్వండి."

"ఇదిగో పట్టుకున్నా. పెట్టు తల్లీ. నిదానంగా. ఇంకాస్త ఇటు. ఊఁ, జారింది. పోనీలే, ఏమైంది, మళ్ళీ పెడదాం. ఇప్పుడు నీకు కోపమొచ్చింది కదూ? నాకు కోపమొచ్చింది అను."

"చువా."

"వద్దు తల్లీ, నీ చేతిని కొట్టుకోకు."

"చువా. చువా."

"దియెప్, దాని చెయ్యి పట్టుకోవే."

"పట్టుకుంటే వదిలించుకుని ఇంకా గట్టిగా కొట్టుకుంటుందట. టీచరు చెప్పింది."

"అయితే ఇదిగో. నా చెయ్యి అడ్డం పెట్టా. దీన్ని కొట్టు. ఎన్ని కావాలంటే అన్ని కొట్టు, నేనేమీ అనను."

"తియ్యి నానమ్మా. నీది మంచి చెయ్యి. చెడ్డది కిందుంది."